గుడ్డ గట్టిదే, గోడ పట్టుకుంటుందా?

పోయిన సంచికలో పిల్లర్లు లేని ఇటుక ఇళ్ళ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది: కార్బన్ ఫైబర్. గోడకు గుడ్డలా అంటించే ఈ నార గురించి చాలామంది విన్నారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా ఇరవై ఏళ్ళకు పైగా పాత గోడలకు బలం చేకూర్చే పనిలోనే ఉన్నాను. ఈ గుడ్డను సరిగ్గా వాడితే ప్రాణాలు నిలబడతాయని నమ్ముతాను. తప్పుగా వాడితే ఇంట్లోవాళ్ళకు లేనిపోని ధైర్యం ఇస్తుందని కూడా కళ్ళారా చూశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మేడం గారూ, మాది యాభై ఏళ్ళ నాటి రెండంతస్తుల ఇటుక ఇల్లు. పిల్లర్లు లేవు, స్లాబుల బరువంతా గోడల మీదే. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, "కార్బన్ ఫైబర్ ఇనుము కంటే పది రెట్లు గట్టిది, గోడలన్నిటికీ చుట్టేస్తే ఎంత భూకంపం వచ్చినా మీకు దిగులు లేదు" అంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: అమ్మా, ఆయన చెప్పిన మొదటి సగం అబద్ధం కాదు. స్లాబుల్లో వేసే మామూలు ఇనుప కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల (న్యూటన్ అంటే బలానికి కొలత) దగ్గర సాగడం మొదలుపెడుతుంది. కార్బన్ నార 3500 న్యూటన్లు, ఆ పైన కూడా తట్టుకుంటుంది. పది కాకపోయినా ఏడు రెట్లు ఖాయం. చిక్కంతా రెండో సగంతోనే.

చిన్న లెక్క చేద్దాం. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కార్బన్ గుడ్డలోంచి 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించామనుకోండి. అందులో నార మందం 0.17 మిల్లీమీటర్లు. దాన్ని తెంచాలంటే దాదాపు 6 టన్నుల బలంతో లాగాలి. కానీ ఆ పట్టీ ఇటుక మీద అంటి ఉంది కదా! లాగుతూ పోతే నార తెగేలోపే ఇటుక పైపొర పెచ్చులా లేచి గుడ్డతో పాటు ఊడి వచ్చేస్తుంది. మామూలు ఇటుక మీద అది ఒకటిన్నర టన్ను దగ్గరే జరగవచ్చు. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న బలంలో నాలుగో వంతు.

"అయితే రెండు పొరలు వేద్దాం" అంటారు కొందరు. ఊడిపోవడమే సమస్య అయినప్పుడు రెండు పొరలకు బలం రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. పట్టీని ఇంకా పొడుగ్గా అంటించినా లాభం కొంతవరకే, ఎందుకంటే ఊడడం ఒక చివర మొదలై జిప్పు లాగినట్టు ముందుకు పాకుతుంది. ఈ పని తెలిసినవాళ్ళు పట్టీ చివర్లలో గోడకు రంధ్రం చేసి, నారతో పేనిన తాడును ఎపాక్సీ అనే గట్టిపడే రసాయన జిగురులో ముంచి లోపలికి దించి, బయట మిగిలిన కొసను విసనకర్రలా విప్పి పట్టీ మీద అంటిస్తారు. ఈ లంగరు మీ కాంట్రాక్టరు ఇచ్చిన కాగితంలో ఉందా? లేకపోతే ఎందుకు లేదో అడగండి.

దీనికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. భూకంపంలో ఇటుక గోడ రెండు రకాలుగా పోతుంది. నేల గోడ పొడవు వెంబడి ఊగితే కిటికీల మధ్య భాగంలో ఏటవాలు బీటలు రెండు వైపుల నుంచీ వచ్చి గుణకారం గుర్తులా కలుస్తాయి. నేల గోడకు అడ్డంగా ఊగితే గోడ మొత్తం తలుపు పడ్డట్టు బయటికి వాలిపోతుంది. మొదటి రకంలో గోడ నుజ్జయినా చాలాసార్లు స్లాబును కాసేపు మోస్తూనే ఉంటుంది. రెండో రకంలో ఆ కాసేపు కూడా ఉండదు. గోడ మధ్యలో విరగకుండా కార్బన్ గుడ్డ కాపాడగలదు. కానీ గోడ పైఅంచు స్లాబుకు పట్టి లేకపోతే, మూలల దగ్గర రెండు గోడలూ కలిసి లేకపోతే, గుడ్డ అంటించిన గోడ విరగకుండా ఒకే ముక్కగా పడిపోతుంది. అతుకులు లేని ఇల్లు పేకమేడే, పేక ముక్కలు ఎంత గట్టివైనా సరే.

కాబట్టి మీ ఇంటికి మొదట జరగాల్సిన పని స్లాబులనూ గోడలనూ ఒకదానికొకటి బిగించడం. ఉక్కు పట్టీలతోనో, గోడలోంచి దూర్చే కడ్డీలతోనో, స్లాబు మట్టంలో ఇల్లు చుట్టూ నడికట్టులా వేసే నార పట్టీతోనో చేయవచ్చు. ఆ తర్వాతే గోడల సంగతి. అప్పుడు కార్బన్‌కు నిజంగా ఒక గొప్ప సుగుణం ఉంది, బరువు లేకపోవడం. గోడకు 5 సెంటీమీటర్ల మందాన కాంక్రీటు కొడితే చదరపు మీటరుకు 120 కిలోల బరువు పెరుగుతుంది, భూకంపం ఆ బరువును కూడా పట్టుకుని ఊపుతుంది. ఎపాక్సీతో కలిపి కూడా ఈ గుడ్డ బరువు అదే మేరకు కిలో, రెండు కిలోలు మించదు. పునాది మీద అదనపు భారం పడదు, గదులు ఇరుకు కావు. ఇది చిన్న లాభం కాదు.

ప్రశ్న: నేను సైట్ సూపర్‌వైజర్‌ని మేడం. ఒక పాత భవనంలో గోడలకు గ్లాస్ ఫైబర్ షీటు అంటించాం. మంచి ఎపాక్సీయే వాడాం. ఎనిమిది నెలలు తిరక్కుండానే కింది మూడడుగుల మేర షీటు ఉబ్బింది. వేలు దూర్చి లాగితే ఊడి వచ్చేస్తోంది. ఎపాక్సీలోనే తేడా అనుకోవాలా?

జవాబు: ఊడి వచ్చిన షీటును వెనక్కి తిప్పి చూశారా? నాకు ముందు కావాల్సింది అది. వెనకవైపు ఎర్రటి ఇటుక పొడి, చిన్న పెచ్చులు అంటుకుని ఉంటే అంటింపు బాగా జరిగినట్టే, బలహీనత ఇటుకది. వెనక నున్నగా, అద్దంలా మెరుస్తుంటే అంటించిన రోజు గోడ మీద దుమ్మో, చెమ్మో, నూనెజిడ్డో ఉందన్నమాట. తెల్లటి పొడి కనిపిస్తే అది సున్నం పొరో, చౌడో. మీరు కింది మూడడుగులే అన్నారు కాబట్టి నా అనుమానం చౌడు మీదే. నేలలోంచి చెమ్మ ఇటుకల గుండా పైకి పాకుతుంది, ఉప్పును వెంట తెస్తుంది. మామూలుగా ఆ నీరు గోడ ముఖం మీద ఆరిపోతుంది. మీరు ఎపాక్సీతో ముఖం మూసేశారు, ఆవిరికి దారి లేదు. ఉప్పు షీటు వెనకే గడ్డకట్టి, పొంగి, దాన్ని తోసేస్తుంది. ఎంత ఖరీదైన ఎపాక్సీ అయినా ఇదే జరుగుతుంది.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక బడి గోడలకు కార్బన్ పట్టీలు వేయించాం. పని చేసిన సంస్థ గోడను ఇనుప బ్రష్‌తో గీకి "శుభ్రం" అంది. నేను చేత్తో తడిమి, కంటితో చూసి సంతకం పెట్టాను. లాగి చూసే పరీక్ష చేస్తే ఇంకో రెండు రోజులు పడుతుందని, బడి తెరిచే గడువు దగ్గర పడుతోందని వదిలేశాం. ఒక వానాకాలం గడిచాక హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు, పట్టీ మీద కొడితే డొల్ల శబ్దం వస్తోందని. వెళ్ళి అంచు పట్టుకుని లాగాను. అరచేయి వెడల్పు పట్టీ నెమ్మదిగా చేతిలోకి వచ్చేసింది. వెనక ఇటుక రవ్వంత కూడా లేదు. తెలుపు, దాని మీద లేత నీలం, మళ్ళీ తెలుపు, పసుపు. ఏటా కొట్టిన సున్నాలూ రంగులూ పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. మేం కార్బన్‌ను ఇటుకకు అంటించలేదు, పాత రంగుకు అంటించాం. ఆ ఏడాది భూకంపం రాలేదు కాబట్టి సరిపోయింది. కానీ ఆ గోడ పక్కన పిల్లలు కూర్చుని ఉన్నారు, వాళ్ళకు రక్షణ ఉందని నేను రాసిచ్చాను. అన్నీ పీకించి, గ్రైండర్‌తో ఎర్ర ఇటుక కనిపించేదాకా తీయించి మళ్ళీ వేయించాం. అప్పటినుంచి లాగి చూడని గోడకు నేను సంతకం పెట్టలేదు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను, మీ సైట్‌లోనూ చేయించండి. గోడ మీద ఒక చోట నమూనాగా గుడ్డ అంటిస్తారు. అది గట్టిపడ్డాక 5 సెంటీమీటర్ల ఇనుప బిళ్ళను దాని మీద జిగురుతో అతికిస్తారు. బిళ్ళ చుట్టూ గుడ్డను కోసి, ఇటుకలోకి కొద్దిగా గాడి దించుతారు. జిగురు ఆరాక చేత్తో తిప్పే చిన్న యంత్రాన్ని బిళ్ళకు తగిలించి నెమ్మదిగా తిప్పుతారు. సూది పైకి కదులుతూ ఉంటుంది, ఒక చోట టక్కుమని బిళ్ళ ఊడుతుంది. సూది ఆగిన అంకె రాసుకోవాలి. బిళ్ళ వెనక ఏం అంటుకుని వచ్చిందో ఫొటో తీసుకోవాలి. నా దృష్టిలో అంకె కంటే ఆ ఫొటోయే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మీ గోడకు: ఊడిన భాగం మళ్ళీ అంటించకండి. ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని ఆపండి. ఆ కింది భాగానికి ఎపాక్సీ వద్దు. ఆవిరి పోనిచ్చే మాలులో నార జాలి పొదిగే పద్ధతి వాడండి. దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను.

ప్రశ్న: మాకు భూకంపాల భయం అంతగా లేదు, పెనుగాలుల భయమే. మేడ మీద మీటరు ఎత్తున, ఒక ఇటుక వెడల్పు మందంతో పిట్టగోడ ఉంది. ఇన్నేళ్ళూ పడలేదు కదా అంటారు మావారు. నాకు మాత్రం గాలి లేచిన ప్రతిసారీ టెన్షనే.

జవాబు: మీ టెన్షన్‌కు కారణం ఉందమ్మా, లెక్క చూడండి. గాలి తోపు దాని వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువంత తోస్తుంది. మీ పిట్టగోడ మందం సుమారు 11 సెంటీమీటర్లు, మీటరు పొడవుకు 220 కిలోలు తూగుతుంది. గోడ పడకుండా ఆపేది ఆ బరువే అనుకుంటే, పడదోసే శక్తి ఆపే శక్తికి ఆరు రెట్లు ఉంటుంది. మరి ఇన్నేళ్ళూ ఎలా నిలిచింది? అంత గాలి ఇంకా రాలేదు కాబట్టి, స్లాబుకూ మొదటి ఇటుక వరుసకూ మధ్య ఉన్న మాలు పట్టుకుని ఉంది కాబట్టి. ఆ ఒక్క సందు వదిలిందంటే అక్కడే మడతబందులా తిరిగి పడిపోతుంది. రేపే మేడ మీదికి వెళ్ళి ఆ అడుగు సందును చూడండి, సన్నటి నెర్రె పొడవునా ఉందేమో.

నార పట్టీలతో దీన్ని బాగు చేయవచ్చు. పట్టీ ఆ సందును దాటాలి, అదే ముఖ్యం. పిట్టగోడ రెండు ముఖాల మీదా నిలువు పట్టీలు వేసి, బయటివైపు పట్టీని స్లాబు అంచు మీదికి, ఇంకా కిందికి దించి లంగరు వేయాలి. లోపలివైపు పట్టీ మూల తిరిగి స్లాబు పైకి రావాలి. ఆ మూల దగ్గర లంగరు తప్పనిసరి, లేకపోతే లాగినప్పుడు మూలలోంచి లేచిపోతుంది. ఒక వైపే వేస్తే ఒక దిక్కు గాలికే పనికొస్తుంది, ఎందుకంటే నార లాగుడుకే పనిచేస్తుంది, తోపుకు కాదు. పై పూత మరిచిపోవద్దు, ఎండ ఎపాక్సీని తినేస్తుంది. సైట్‌లో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు 50 నుంచి 80 డిగ్రీల మధ్యే మెత్తబడడం మొదలవుతుంది. నల్లటి పట్టీని ఎండలో వదిలేస్తే అంత వేడి రావడం కష్టమేమీ కాదు.

మరీ నెర్రెలు పడి ఉంటే నేనైతే ఆ గోడ తీయించి తేలికైన లోహపు కడ్డీల రెయిలింగు పెట్టించుకోమంటాను. బాగుచేయడం నా వృత్తే అయినా, తీసేసిన బరువు ఎవరి నెత్తిన పడదు.

ఇంకో తేడా కూడా చెప్పాలి. బరువైన గోడ గాలికి మేలు, భూకంపానికి కీడు. ఇటుకన్నర మందం గోడకు మార్చుకుంటే గాలికి ధైర్యం వస్తుంది, నేల ఊగితే అదే బరువు మీద పడుతుంది. రెండు భయాలూ ఉన్నచోట తేలికగా ఉంటూ బలం ఇచ్చే నార పట్టీలకు అంత ప్రాధాన్యం అందుకే.

ప్రశ్న: హాల్లో గోడకు పైనుంచి కిందిదాకా ఏటవాలుగా బీట ఉంది, ప్రతి ఏడూ కాస్త పెరుగుతోంది. కార్బన్ పట్టీ అడ్డంగా అంటిస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. ప్రతి ఏడూ పెరుగుతోందంటే పునాది ఒక పక్క కుంగుతోందేమో ముందు చూడాలి. బీట మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీ అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే బీట ఇంకా బతికే ఉంది. కుంగే పునాది మీద పట్టీ అంటిస్తే బీట పక్కనే ఇంకో చోట తెరుచుకుంటుంది. పునాది సంగతి తేలాక, బీటలో గ్రౌట్ (పలుచని మాలు) నింపి, ఆ తర్వాత పట్టీ వేసుకోవచ్చు.

ప్రశ్న: మా తాతల నాటి కట్టడం డంగు సున్నంతో కట్టింది. ఒక గదికి కమాను కప్పు ఉంది, లోపల పాత చిత్రాలు కూడా ఉన్నాయి. దీన్ని పాడుచేయకుండా భూకంపానికి బలపరిచే మార్గం ఉందా?

జవాబు: ఉంది. దానికి నేను చెప్పగల మంచి ఉదాహరణ ఇటలీలోని అసీసీలో ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా అనే పాత పెద్ద చర్చి. 1997 సెప్టెంబరు 26న రాత్రి ఒక భూకంపం వచ్చింది. పొద్దున్న నష్టం ఎంతో చూడడానికి మనుషులు దాని పైఅంతస్తులోకి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే రెండో ప్రకంపనం వచ్చి కమాను కప్పులో కొంత భాగం కూలింది. నలుగురు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు సన్యాసులు. (భూకంపం తర్వాత బీటలు చూడడానికి లోపలికి పరిగెత్తే ప్రతి ఒక్కరికీ ఇది చెబుతుంటాను. ఇంజనీరు అయినా సరే, తొందర వద్దు.)

కూలడానికి ఒక కారణం పైనుంచి కనబడదు. కమాను మీద, గోడకు ఆనుకున్న గుంటల్లో శతాబ్దాలుగా పోగైన రాళ్ళూ ముక్కలూ అతుకు లేని నింపుడుగా ఉండిపోయాయి. ఊపుకు ఆ బరువు అటూ ఇటూ జరిగి కమాను వంపును చెడగొట్టింది. జార్జియో క్రోచీ నాయకత్వంలో ఇంజనీర్లు ముందు ఆ బరువు తీయించారు. తర్వాత కమాను పైవైపున, కింద నిలబడ్డవాళ్ళకు కనబడని చోట, అరామిడ్ అనే కృత్రిమ నారతో చేసిన సన్నటి పక్కటెముకల వంటివి కట్టారు. కింది చిత్రాలకు ఏ అడ్డమూ రాలేదు. 1999లో బసిలికా మళ్ళీ తెరిచారు. ముందు బరువు, తర్వాత నార. మీ కమాను మీదికి ఎక్కి చూడండి, పాత మట్టి, ఇటుక ముక్కలు ఎంత పేరుకున్నాయో.

గోడల విషయంలో మీకు ఎపాక్సీ వద్దనే చెబుతాను. సున్నపు గోడ ఊపిరి పీల్చే గోడ. దానికి సున్నపు మాలులో నార జాలిని పొదిగే పద్ధతి సరిపోతుంది. పాత గార తీసి, సందులు లోతుగా గీకి, తడిపి, 5 మిల్లీమీటర్ల మాలు పూస్తారు. అది పచ్చిగా ఉండగానే జాలిని తాపీతో అద్దుతారు, పైన ఇంకో పొర పూస్తారు. ఎపాక్సీకి గోడ పొడిగా ఉండాలి, దీనికి తడిగా ఉండాలి. ఈ ఒక్క తేడా తెలియక రెండు పద్ధతులనూ చెడగొట్టిన చోట్లు చూశాను. జాలి కళ్ళలోంచి మాలు అవతలికి పొర్లిందా లేదా అన్నది దగ్గర నిలబడి చూడాలి. తాపీ వెనక జాలి గళ్ళ నీడ మాత్రమే కనిపించాలి, జాలి బయటికి తేలి ఉండకూడదు. తేలి ఉందంటే అది గోడకు వేలాడుతున్న వల, అంతే.

మంటకూ ఇదే మేలు. మాలు కాలదు, ఎపాక్సీలా మెత్తబడదు. ఒకవేళ ఎపాక్సీ వాడాల్సి వచ్చినా, మంటల్లో నార మొత్తం పోయిందనుకుని రోజువారీ బరువులకు గోడ తనంతట తానే నిలిచేలా చూసుకోవడం మా పద్ధతి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. ప్రాజెక్టుకు ఇదే అంశం తీసుకున్నాను. కార్బన్, గ్లాస్, బసాల్ట్‌లలో ఇటుక గోడకు ఏది మంచిది? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఇటుక గోడకు గట్టి నార కంటే సరిపడే నార కావాలి. కార్బన్ బిరుసుతనం (లాగితే సాగకుండా నిలిచే గుణం) దాదాపు 230 గిగాపాస్కల్స్, ఇనుము కంటే ఎక్కువ. గాజు నారది 70 చుట్టూ ఉంటుంది. ఇటుక మీద ఎలాగూ నార పూర్తి బలం వాడుకోలేం కాబట్టి చాలా గోడలకు గాజు నార చాలు. ఒక జాగ్రత్త, సిమెంటు మాలులో మామూలు గాజు నార క్షారానికి తినేయబడుతుంది. జిర్కోనియా కలిపిన, క్షారాన్ని తట్టుకునే రకమే వాడాలి. కార్బన్‌కు క్షారం పట్టదు, కానీ అది కరెంటును మోస్తుంది. ఇనుముకు నేరుగా తగిలితే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, మధ్యలో గాజు నార పొర ఉండాలి. బసాల్ట్ గాజుకు దగ్గరే, కాస్త మెరుగు.

చదవడానికి 1990ల మొదట్లో స్విట్జర్లాండ్‌లోని ఎంపా ప్రయోగశాలలో ష్వెగ్లర్ అనే ఇంజనీరు చేసిన పనితో మొదలుపెట్టండి. ఇటుక గోడలకు కార్బన్ పట్టీలు ఏటవాలుగా అంటించి, చివరలను స్లాబుల్లో బిగించి పరీక్షించారు. లెక్కలకు ఇటలీ మార్గదర్శకం సీఎన్ఆర్ డీటీ 200, అమెరికా కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2010లో తెచ్చిన 440.7ఆర్ చూడండి. మాలులో పొదిగే జాలికి ఇటలీదే డీటీ 215 ఉంది. చదివేటప్పుడు ప్రతి సూత్రంలోనూ ఒక ప్రశ్న వేసుకోండి, ఇక్కడ తెగేది నారా, ఊడేది ఇటుకా అని. ల్యాబ్‌లో కొత్త ఇటుకలతో నీటుగా కట్టిన గోడ మీద వచ్చిన ఫలితాన్ని పాత గోడకు అలాగే అంటగట్టకండి.

ప్రశ్న: మాది రెండడుగుల మందం రాతి గోడల ఇల్లు. అంత మందం గోడకు ఈ గుడ్డలూ జాలీలూ ఎందుకమ్మా? ఏనుగు తోసినా కదలదు.

జవాబు: పెద్దాయన గారూ, మీ మాట కాదనాల్సి వస్తున్నందుకు మన్నించండి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు వేలమంది ప్రాణాలు తీసినవి అలాంటి మందపాటి రాతి గోడలే. బయటికి ఒక్క గోడలా కనిపిస్తాయి. లోపల చూస్తే రెండు పలుచని రాతి వరుసలు, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ. ఊగగానే రెండు వరుసలూ చెరో వైపుకు ఉబ్బి విడిపోయాయి, పైన ఉన్న బరువైన కప్పులు మనుషుల మీద పడ్డాయి.

మీ గోడకు ఒక ముఖం మీద మాత్రమే గుడ్డ అంటిస్తే ఆ వరుసే గట్టిపడుతుంది, రెండోది దాని దారిన అది పోతుంది. గోడను మందం గుండా అవతలి ముఖం దాకా కుట్టాలి. అక్కడక్కడా అవతలికి రంధ్రం చేసి, కడ్డీ గానీ నార తాడు గానీ దూర్చి, మాలు నింపాలి. ఆ కొసలను రెండు ముఖాల మీదా వేసిన జాలికి కట్టాలి. పరుపు కుట్టడం చూశారు కదా, దారం అవతలికి వెళ్ళి ముడి పడితేనే దూది కదలకుండా ఉంటుంది. రంధ్రాలు చేసేటప్పుడు అదిరే డ్రిల్లు వాడనివ్వకండి, లోపలి మట్టి రాలుతుంది.

ప్రశ్న: మట్టి గోడల ఇల్లు మాది. ఇంత ఖర్చు మేం పెట్టలేం. మాలాంటివాళ్ళకు ఏమీ లేదా?

జవాబు: ఉంది తల్లీ, దానికోసం పెద్ద పెద్ద ప్రయోగశాలలే పనిచేశాయి. పెరూ రాజధాని లిమాలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో మార్సియల్ బ్లాండెట్ బృందం మట్టి ఇటుకల ఇళ్ళ నమూనాలను భూకంపంలా ఊగే బల్ల మీద పెట్టి పరీక్షించింది. గోడలకు రెండు వైపులా ప్లాస్టిక్ జియోగ్రిడ్ జాలి కట్టి, గోడలోంచి దూర్చిన తాళ్ళతో రెండు జాలీలనూ ముడివేసి, పైన మట్టి పూశారు. గోడలు పగిలాయి, కానీ ముక్కలు జాలి సంచిలో ఉండిపోయాయి, ఇల్లు మీద పడలేదు. టోక్యో విశ్వవిద్యాలయంలో కిమిరో మెగురో పార్శిళ్ళు కట్టే ప్లాస్టిక్ పట్టీలను జాలిగా అల్లి ఇదే పని చేసి చూపించారు.

మట్టి గోడకు ఎపాక్సీ, కార్బన్ ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. మట్టి మీద వాటికి పట్టు దొరకదు. మీకు కావాల్సింది గోడ పగలకుండా ఉండడం కాదు, పగిలినా మీరు బయటికి పరిగెత్తేంత సేపు నిలవడం. ప్లాస్టిక్‌ను ఎండకు వదలకండి, మట్టి పూత తప్పకుండా వేయండి. జాలి కిటికీల, గుమ్మాల అంచుల మీదుగా లోపలికి తిరగాలి, మూలల దగ్గర తెగకుండా కొనసాగాలి. తాళ్ళు గట్టిగా బిగించాలి, వదులు జాలి ఆలస్యంగా పట్టుకుంటుంది.

ప్రశ్న: నేను ఈ షీట్లు అంటించే పనివాడిని మేడం. మూడు నెలలుగా చేతులు, మోచేతుల దాకా దద్దుర్లు, దురద. మానుకోమంటారా?

జవాబు: ముందు చర్మ డాక్టరుకు చూపించండి బాబూ, ఎపాక్సీ పని చేస్తానని తప్పకుండా చెప్పండి. ఇది ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి, అది జీవితాంతం ఉండవచ్చు. నూలు గ్లౌజులు పనికిరావు, జిగురు పీల్చుకుని చేతికే అంటిస్తాయి. నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, చినిగితే వెంటనే మార్చండి. చేతులు థిన్నర్‌తో కడుక్కోవద్దు, అది జిగురును చర్మం లోపలికి తీసుకెళ్తుంది. సబ్బు, నీళ్ళు చాలు. గ్రైండర్ తిప్పేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు ఉండాలి. కలిపిన ఎపాక్సీని బకెట్లో నిండుగా ఉంచకండి, దాని వేడికి అదే ఉడికిపోయి పొగ వస్తుంది. వెడల్పాటి ట్రేలో పలుచగా పోసుకోండి. ఇవన్నీ ఇప్పించాల్సింది పని చేయించుకునేవాళ్ళు, అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా ఇంట్లో పని పూర్తి కావచ్చింది, రేపో మాపో పుట్టీ పెట్టి రంగు వేసేస్తారు. మాకు ఇంజనీరింగ్ తెలియదు. పని సరిగ్గా జరిగిందని మేం ఎలా తెలుసుకోవాలి?

జవాబు: రంగు ఒక రోజు ఆపించండి. ఒక నాణెం తీసుకుని, పట్టీల మీద జానెడు జానెడు దూరంలో మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట "టిక్" అని సన్నగా పలుకుతుంది. గాలి చేరిన చోట "డుబ్" అని డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత గీయండి. గీతలు అక్కడొకటి ఇక్కడొకటి చిన్నవైతే సూదితో ఎపాక్సీ ఎక్కించి సరిచేస్తారు. అరచేతికి మించి ఉంటే కోసి మళ్ళీ వేయమనండి. పట్టీల చివర్లు, స్లాబు దగ్గరి మూలలు రెండుసార్లు కొట్టి చూడండి, ఊడడం అక్కడే మొదలవుతుంది. గీతలన్నీ ఫొటో తీసి పెట్టుకుని, కాంట్రాక్టరుతో పాటు డిజైన్ చేసిన ఇంజనీరుకు కూడా పంపండి. ఆ తర్వాతే పుట్టీ.